ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో ఐస్ హాకీ: మాస్కో 1957 నుంచి జర్మనీ 2010 దాకా

ఈ ఎపిసోడ్ మాస్కోలో మొదలుపెడదాం. 1957 మార్చి 5. లుజ్నికీలో లెనిన్ స్టేడియం. కట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు, 1956 జులైలో ప్రారంభించారు. కట్టింది ఫుట్‌బాల్ కోసం, అథ్లెటిక్స్ కోసం. కానీ ఆ రోజు గ్రౌండ్ మధ్యలో మంచు పరిచి ఉంది. చుట్టూ సుమారు 55 వేల మంది జనం, అందరూ కోట్లూ టోపీలూ వేసుకుని ఆ మంచు వైపే చూస్తున్నారు. అది ఐస్ హాకీ ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆఖరి రోజు. సోవియట్ యూనియన్, స్వీడన్ ఆడుతున్నాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దగ్గర హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చ గడ్డి, ఒలింపిక్స్ బంగారు పతకాలు. ఈరోజు మాట్లాడేది ఆ హాకీ గురించి కాదు. కెనడాలోనో రష్యాలోనో హాకీ అంటే స్కేట్స్ వేసుకుని మంచు మీద ఆడేదే. బంతి ఉండదు, పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. మందం అంగుళం, వెడల్పు మూడంగుళాలు. ఈ సైజు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఐస్ హాకీ రింక్ అంతర్జాతీయ కొలత అప్పట్లో 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఫుట్‌బాల్ గ్రౌండ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే రింక్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో నాలుగో వంతు. పెళ్ళి హాల్లో క్యారమ్‌బోర్డు పెట్టి బాల్కనీలోంచి చూడమన్నట్టు ఉంటుంది. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి పక్ కనపడదు. ఆటగాళ్ళు ఎటు పరిగెడుతున్నారో చూసి పక్ ఎక్కడుందో ఊహించుకోవాలి. మరి జనం ఎందుకొచ్చారు? నిర్వాహకులు ఎందుకు పెట్టారు? ఈ ఎపిసోడ్ అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే.

రష్యా విషయంలో సమాధానం తేలికే. వాళ్ళకి ఇది కొత్త కాదు. మనం చెప్పుకునే ఈ కెనడా హాకీ రాకముందు వాళ్ళు బ్యాండీ అనే ఆట ఆడేవాళ్ళు. దాన్నే రష్యన్ హాకీ అనేవాళ్ళు. అందులో బంతి ఉంటుంది, జట్టుకి పదకొండు మంది, ఆడేది గడ్డకట్టిన ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత మంచు మీద. ఎండాకాలం ఫుట్‌బాల్, చలికాలం అదే గ్రౌండ్‌లో బ్యాండీ. ఆటగాళ్ళూ చాలావరకు వాళ్ళే. సోవియట్ యూనియన్‌లో కెనడా హాకీ లీగ్ మొదలైంది 1946 డిసెంబర్‌లో. మొదటి తరం స్టార్ వ్సెవలోద్ బోబ్రోవ్. ఈయన 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో సోవియట్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్, 1956 చలికాలం ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్. రెండు వేర్వేరు ఆటలు, ఒకే మనిషి. ఇప్పుడు ఎవరైనా ఇలా చేస్తే మనం రీల్స్ మీద రీల్స్ చేసేవాళ్ళం.

1948లో ప్రాగ్ నుంచి ఎల్‌టీసీ అనే బలమైన క్లబ్ మాస్కో వచ్చింది. మ్యాచ్‌లు పెట్టింది డైనమో ఫుట్‌బాల్ స్టేడియంలోనే, ఆరుబయట. మూడు మ్యాచ్‌ల్లో ఒకటి గెలుపు, ఒకటి ఓటమి, ఒకటి డ్రా. ఆట నేర్చుకుని రెండేళ్ళు కూడా కాని వాళ్ళకి ఇది మామూలు విషయం కాదు. ఇంకో ఆరేళ్ళకి, 1954లో, తొలిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళారు. స్టాక్‌హోమ్‌లో, 1912 ఒలింపిక్స్ కోసం కట్టిన అథ్లెటిక్స్ స్టేడియంలో, కెనడాని 7-2తో ఓడించి కప్పు పట్టుకెళ్ళారు. అంటే సోవియట్ హాకీ పేరు మోగింది కూడా మంచు కోసం కట్టని స్టేడియంలోనే.

సరే, 1957కి వద్దాం. అసలు రాజకీయం ఇక్కడుంది. 1956 నవంబర్‌లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దూరి హంగరీ తిరుగుబాటుని తొక్కేశాయి. నాలుగు నెలలు తిరక్కుండానే మాస్కోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. కెనడా, అమెరికా రామని చెప్పేశాయి. మిగిలినవి ఎనిమిది జట్లు. ఒక్కొక్కరికి ఏడేసి మ్యాచ్‌లు, పాయింట్లు ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళే విజేత. ఫైనల్ అంటూ విడిగా లేదు.

మ్యాచ్‌లు చాలావరకు లుజ్నికీలోనే ఉన్న ఇండోర్ హాల్లో జరిపించారు. ఆఖరి మ్యాచ్‌ని మాత్రం బయట పెద్ద స్టేడియంలో పెట్టారు. నా ఉద్దేశంలో ఇందులో ఆట అవసరం కంటే ప్రదర్శన అవసరమే ఎక్కువ. కెనడా లేదు, అమెరికా లేదు, ఒలింపిక్ ఛాంపియన్ మేమే, ఇంటి గ్రౌండ్ మాదే, వేల మంది ముందు కప్పు ఎత్తుతాం అనే లెక్క. వాళ్ళు రాకపోతే మాకేం తక్కువ అని చూపించడానికి ఇంతకంటే మంచి వేదిక ఏముంటుంది?

కానీ పాయింట్ల పట్టిక వేరేలా ఉంది. సోవియట్ జట్టు చెకోస్లొవేకియాతో 2-2 డ్రా చేసుకుంది. స్వీడన్ అదే చెకోస్లొవేకియాని 2-0తో ఓడించింది. కాబట్టి ఆఖరి రోజు స్వీడన్‌కి డ్రా చాలు, సోవియట్‌కి గెలుపే కావాలి.

మొదటి పీరియడ్‌లో స్వీడన్ 2-0. అంత పెద్ద స్టేడియం ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. రెండో పీరియడ్‌లో సోవియట్ వరసగా నాలుగు గోల్స్ కొట్టింది. 4-2. ఇక అయిపోయింది అనుకునే స్కోరు. మూడో పీరియడ్‌లో స్వీడన్ రెండు కొట్టింది. 4-4. డ్రా. స్వీడన్ ప్రపంచ ఛాంపియన్.

సంబరానికి అన్నీ సిద్ధం చేసుకున్న ఊళ్ళో, 55 వేల మంది ఎదురుగా, పొరుగు దేశం వాళ్ళు పతకాలు మెళ్ళో వేసుకున్నారు. ఆ రోజు స్వీడన్ ఆటగాళ్ళు జాతీయగీతానికి బదులు, వాళ్ళ ఊళ్ళో గ్లాసులు ఎత్తేటప్పుడు పాడుకునే మందు పాట పాడారని స్వీడన్‌లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నిజమో, తర్వాత మసాలా దట్టించారో కానీ, కథ మాత్రం బావుంది.

ఐస్ హాకీ మ్యాచ్‌కి వచ్చిన జనం లెక్కలో ఆ 55 వేల రికార్డు 44 ఏళ్ళు నిలబడింది. బద్దలు కొట్టింది ఏ దేశమో కాదు, ఒక కాలేజీ. 2001 అక్టోబర్ 6న అమెరికాలో మిషిగన్ స్టేట్, మిషిగన్ యూనివర్సిటీలు ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడాయి. అక్కడి ఫుట్‌బాల్, అంటే కోడిగుడ్డు ఆకారం బంతిది. 74,544 మంది వచ్చారు. మ్యాచ్ 3-3 డ్రా. దానికి పెట్టిన పేరు 'కోల్డ్ వార్'. మాస్కో కథ చెప్పాక ఈ పేరు వింటే నాకు నవ్వాగలేదు.

ఇప్పుడు టెక్నికల్ పార్ట్. మాస్కోలో మార్చి మొదట్లో చలి అదే ఉంటుంది. మరి అక్టోబర్‌లో, అదీ మామూలు వాతావరణంలో, గడ్డి మీద మంచు ఎలా నిలుస్తుంది? నేను బీటెక్ చేసింది కంప్యూటర్స్ అయినా, ఫస్టియర్ ఫిజిక్స్ ఇక్కడ సరిపోతుంది.

మీ ఇంట్లో ఏసీ మీద '1.5 టన్' అని రాసుంటుంది కదా. అది ఏసీ బరువు కాదు. పాతకాలంలో గదులు చల్లబరచడానికి మంచుగడ్డలు వాడేవాళ్ళు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో, అది 'ఒక టన్' చల్లదనం. ఆ లెక్క ఇంకా మన ఏసీల మీద ఉండిపోయింది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆరుబయట మ్యాచ్‌ల కోసం ఒక ట్రక్ తయారు చేయించుకుంది. 53 అడుగుల ట్రైలర్, దాని సామర్థ్యం 300 టన్. అంటే మన ఇళ్ళల్లో ఏసీలు 200 ఒకేచోట పెట్టి, అన్నిటి చల్లదనాన్నీ నేల కిందకి పంపినట్టు.

గడ్డి మీద ముందు గట్టి పలకలు పరుస్తారు. వాటి మీద లోపల సన్న గొట్టాలున్న అల్యూమినియం పళ్ళేలు వరసగా పేరుస్తారు. ట్రక్‌లోంచి గ్లైకాల్ అనే ద్రవం ఆ గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్ లాంటిదే, సున్నా కంటే కిందకి పోయినా గడ్డకట్టదు. పళ్ళెం బాగా చల్లబడ్డాక పైన నీళ్ళు పోస్తారు, కానీ బకెట్‌తో కుమ్మరించినట్టు కాదు. సన్నగా చిలకరించి, గడ్డకట్టాక మళ్ళీ చిలకరించి, పొర మీద పొర, దోశ మీద దోశ వేసినట్టు. అలా రెండంగుళాల మందం రావాలి. దానికి పట్టే నీళ్ళు సుమారు 75 వేల లీటర్లు. మన కాలనీలకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే పదిహేను. ఎండాకాలం హైదరాబాద్‌లో ఈ లెక్క చెప్తే ఎవరైనా కొడతారు.

చలి ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటాం. కాదు. 2003 నవంబర్‌లో కెనడాలోని ఎడ్మంటన్‌లో, కామన్‌వెల్త్ స్టేడియంలో, ఎన్‌హెచ్‌ఎల్ మొదటిసారి లీగ్ మ్యాచ్‌ని ఆరుబయట ఆడించింది. 57,167 మంది వచ్చారు. ఉష్ణోగ్రత మైనస్ 18 దగ్గర. అంత చలికి మంచు పెళుసుబారి పెచ్చులు లేస్తుంది. మాంట్రియల్ గోల్‌కీపర్ జోసే థియొడోర్ హెల్మెట్ మీద ఊలు టోపీ పెట్టుకుని ఆడాడు. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఈ ట్రక్ వ్యవస్థలో మంచుని చల్లబరచడమే కాదు, అవసరమైతే కాస్త వెచ్చబరచడం కూడా పనే.

ఎండ ఇంకో తలనొప్పి. తెల్ల మంచు వెలుతురుని తిప్పికొడుతుంది, కానీ దాని కింద వేసిన ఎర్ర గీత, నీలం గీత, లోగోలు వేడి లాగేసుకుంటాయి. గీత దగ్గర మంచు మెత్తబడుతుంది, స్కేట్ ఇరుక్కుంటుంది, చీలమండ విరగొచ్చు. వాన సంగతి చెప్పనే అక్కర్లేదు. 2011 జనవరి 1న పిట్స్‌బర్గ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి పెట్టుకున్న మ్యాచ్‌ని వాన భయంతో రాత్రి ఎనిమిదికి మార్చారు. గాలి అయితే ఒక జట్టుకి ఎదురు, ఇంకో జట్టుకి తోడు. అందుకే ఇలాంటి మ్యాచ్‌ల్లో మూడో పీరియడ్ సగంలో జట్లు వైపులు మారతాయి.

అన్నిటికన్నా వింత 1991 సెప్టెంబర్‌లో జరిగింది. లాస్ వేగాస్‌లో, ఎడారిలో, సీజర్స్ ప్యాలెస్ హోటల్ పార్కింగ్ స్థలంలో రింక్ వేసి లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ జట్లతో మ్యాచ్ ఆడించారు. రాత్రి కూడా వేడి 29 డిగ్రీల దగ్గరే. మంచు నిలబడింది. కానీ దీపాల వెలుగుకి మిడతలొచ్చి మంచు మీద పడ్డాయి. ఇలాంటి సమస్య ఏ ఇంజినీర్ ఎక్సెల్ షీట్‌లోనైనా ఉంటుందా చెప్పండి!

ఇవన్నీ ఒక్క రోజు పండగలు. ఒక్క మ్యాచ్ పాడైనా లీగ్‌లో ఇంకా 81 ఉంటాయి. డాలస్‌లో 2020 జనవరి 1న కాటన్ బౌల్ స్టేడియంలో జరిగింది కూడా అలాంటిదే. 85,630 మంది. మన తెలుగువాళ్ళు అంతమంది ఉన్న ఊరు, ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో ఎవరైనా వెళ్ళారేమో తెలీదు, వెళ్తే కామెంట్‌లో చెప్పండి, పక్ కనపడిందా లేదా అని.

టోర్నమెంట్ అలా కాదు. అక్కడ ఒక్క పాయింట్ తేడాతో ఇంటికి పోతారు. అందుకే నాకు జర్మనీ 2010 కథ అంటే ఇష్టం.

జర్మనీ ముందటేడు, 2009 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 16 జట్లలో 15వ స్థానంలో వచ్చింది. రూల్ ప్రకారం అట్టడుగు రెండు జట్లు కింది డివిజన్‌కి పడిపోవాలి. కానీ 2010కి ఆతిథ్యం ఇచ్చేది జర్మనీయే. ఆతిథ్య దేశానికి చోటు ఖాయం. కాబట్టి జర్మనీ మిగిలింది, దానికంటే ఒక స్థానం పైన 14వదిగా ముగించిన ఆస్ట్రియా కిందకి పోయింది. ఆస్ట్రియా వాళ్ళకి ఎంత కాలి ఉంటుందో! మన ఇంటర్‌లో ఫెయిలైన ప్రిన్సిపాల్ గారబ్బాయిని పై క్లాసుకి పంపించి, పాసైనవాడిని ఆపినట్టు.

అంటే 2010లో జర్మనీ ఆడుతున్నది అర్హతతో కాదు, ఇల్లు తమది కాబట్టి. ఇలాంటి జట్టుతో మొదటి మ్యాచ్‌ని ఎక్కడ పెట్టారు? చిన్న హాల్లో, పరువు పోకుండా? కాదు. గెల్సెన్‌కిర్చెన్‌లో షాల్కే ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియంలో. ఈ స్టేడియం 2001లో తెరిచారు, ఇంజినీరింగ్ పరంగా గమ్మత్తైనది. గడ్డి పిచ్ మొత్తం ఒక పెద్ద ట్రేలో ఉంటుంది, సొరుగు లాగినట్టు స్టేడియం బయటికి లాగేయొచ్చు. పైకప్పు మూసేయొచ్చు. ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు, గడ్డి కూడా లేదు. ఫుట్‌బాల్ కోసం కట్టిన వాటిల్లో ఐస్‌కి ఇంతకంటే అనువైనది దొరకదు.

2010 మే 7. జర్మనీ, అమెరికా. వచ్చిన జనం 77,803. మిషిగన్ కాలేజీ రికార్డు పోయింది. మే నెలలో, మంచు సీజన్ అయిపోయాక.

జర్మనీ కోచ్ ఉవే క్రుప్. ఆటగాడిగా 1996లో కొలరాడో జట్టుకి స్టాన్లీ కప్ గెలిపించిన గోల్ కొట్టింది ఈయనే, మూడో ఓవర్‌టైమ్‌లో. గోల్‌కీపర్ డెన్నిస్ ఎండ్రాస్. నిర్ణీత 60 నిమిషాలు అయ్యేసరికి 1-1. ఓవర్‌టైమ్ మొదలై అరనిమిషం కాకముందే ఫెలిక్స్ షుట్జ్ గోల్ కొట్టేశాడు. 2-1.

ఇక్కడ పాయింట్ల లెక్క చూడండి, నేను కాగితం మీద వేసుకుని రెండుసార్లు సరిచూసుకున్నాను. గ్రూప్‌లో నాలుగు జట్లు: జర్మనీ, అమెరికా, ఫిన్‌లాండ్, డెన్మార్క్. ముగ్గురు ముందుకి, ఒకరు రెలిగేషన్ పోరుకి. 60 నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో గెలిస్తే 2, ఓడినవాళ్ళకి 1. జర్మనీకి చివరికి వచ్చినవి 5, అమెరికాకి 2. ఆ రోజు అమెరికా మామూలు సమయంలో గెలిచి, మిగతా ఫలితాలన్నీ అలాగే ఉంటే అమెరికా 4, జర్మనీ 3. అట్టడుగున జర్మనీ ఉండేది. ఆ ఒక్క మ్యాచ్ వల్ల అమెరికా రెలిగేషన్ ఆడి 13వ స్థానంతో ఇంటికి పోయింది. జర్మనీ క్వార్టర్‌ఫైనల్లో స్విట్జర్లాండ్‌ని 1-0తో కొట్టి, సెమీఫైనల్లో రష్యాని దాదాపు చివరిదాకా నిలబెట్టి 2-1తో ఓడింది. మొత్తానికి నాలుగో స్థానం. టోర్నమెంట్‌లో అత్యుత్తమ ఆటగాడు ఎండ్రాస్. కిందటేడు 15వ స్థానం వచ్చిన జట్టు!

జనం వల్లే గెలిచారు అని నేను అనను. ఎండ్రాస్ పట్టిన పక్‌లు జనం పట్టలేదు. కానీ పడిపోవాల్సిన జట్టుని దాచిపెట్టకుండా 77 వేల మంది ముందు నిలబెట్టడం, అదీ మొదటి రోజే... మాస్కో చేసిన జూదం లాంటిదే. అక్కడ తిరగబడింది, ఇక్కడ కలిసొచ్చింది.

ఆ రికార్డు ఏడు నెలలే ఉంది. 2010 డిసెంబర్‌లో మళ్ళీ అవే మిషిగన్ కాలేజీలు, ఈసారి మిషిగన్ స్టేడియంలో, గిన్నిస్ లెక్కలో 104,173 మంది. వీళ్ళకి వేరే పని లేదా అనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, ఇది నాకు నచ్చనిది. 2017 డిసెంబర్ 29న ప్రపంచ జూనియర్ ఛాంపియన్‌షిప్‌లో, అంటే 20 ఏళ్ళ లోపు కుర్రాళ్ళది, అమెరికా-కెనడా మ్యాచ్‌ని బఫెలో దగ్గర పైకప్పు లేని ఫుట్‌బాల్ స్టేడియంలో పెట్టారు. ఆ టోర్నమెంట్ చరిత్రలో ఆరుబయట మ్యాచ్ అదే మొదటిది. 44,592 మంది వచ్చారు. మంచు కురుస్తూనే ఉంది. మాటిమాటికీ ఆట ఆపి పారలతో ఎత్తి పోయడం, మళ్ళీ ఆడటం. కురిసిన మంచులో పక్ జారదు, ఇసకలో క్యారమ్ కాయిన్ లాగా ఆగిపోతుంది. కెనడా 3-1తో ముందుంది, అమెరికా 3-3 చేసి షూటౌట్‌లో 4-3తో గెలిచింది. టీవీలో చూడ్డానికి అద్భుతంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పాయింట్లు పట్టికలో నిజం పాయింట్లే కదా? ఏళ్ళతరబడి ప్రాక్టీస్ చేసి వచ్చిన పిల్లల పాస్ మంచులో ఆగిపోతే ఎవరి లెక్కలో వెయ్యాలి? తర్వాత కెనడాయే టైటిల్ గెలిచింది కాబట్టి ఎవరూ పెద్దగా గొడవ చెయ్యలేదు. గెలవకపోయి ఉంటే?

పైకప్పు ఉన్నా మంచు కోసం కట్టనిదే అయితే ఎలా ఉంటుందంటారా, ఫ్లోరిడా చూడండి. సెయింట్ పీటర్స్‌బర్గ్ ఊరు బేస్‌బాల్ జట్టు వస్తుందని 1990లో పెద్ద డోమ్ కట్టేసింది. జట్టు రాలేదు. పెళ్ళికూతురు కుదరకముందే కల్యాణమండపం బుక్ చేసుకున్నట్టు. ఖాళీగా ఉన్న డోమ్‌లోకి 1993లో టాంపా బే హాకీ జట్టు చేరి మూడు సీజన్లు ఆడింది. 1996 ప్లేఆఫ్స్‌లో ఒక మ్యాచ్‌కి 28,183 మంది వచ్చారు. ఏ హాకీ హాల్లోనూ అంతమంది పట్టరు. బేస్‌బాల్ జట్టు చివరికి 1998లో వచ్చింది, అప్పటికి హాకీ జట్టు సొంత ఇల్లు చూసుకుని వెళ్ళిపోయింది.

మన దేశం సంగతి అడుగుతారని తెలుసు. భారత్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో 1989 నుంచే సభ్య దేశం. ఆడేది ఎక్కువగా లడఖ్‌వాళ్ళు, సైన్యం జట్లు. లేహ్‌లో కర్జూ అని ఒక చెరువుంది, చలికాలం గడ్డకడుతుంది, జాతీయ పోటీలు దాని మీద జరిగాయి. స్టేడియంలో మంచు పరచడం కాదు, మంచు ఉన్నచోటే స్టేడియం. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా చలికాలం క్రీడల కోసం అసలైన ఇండోర్ రింక్ కట్టారు. ఆ క్రీడలయ్యాక ఏళ్ళతరబడి మూతపడింది. ఆ ఏళ్ళలో మంచు కోసమే కట్టిన బిల్డింగ్‌లో మంచు ఉండేది కాదు, ఫుట్‌బాల్ గ్రౌండ్లలో ఉండేది.

2017 మార్చిలో బ్యాంకాక్‌లో మన అమ్మాయిల జట్టు ఫిలిప్పీన్స్‌ని 4-3తో ఓడించింది. అంతర్జాతీయ పోటీల్లో వాళ్ళ మొదటి గెలుపు అదే. వాళ్ళలో చాలామంది స్కేటింగ్ నేర్చుకున్నది లడఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద, ఏడాదికి రెండు మూడు నెలలు మాత్రమే. మిగతా నెలల్లో అక్కడ ఉండేది నీళ్ళే.